'నిల్' అని రిపోర్ట్ వస్తే కంగారు పడకండి, మిగతా లైన్లు కూడా చదవండి

మా బామ్మర్ది సెమెన్ ఎనాలిసిస్ (వీర్య పరీక్ష) రిపోర్ట్ వాట్సాప్‌లో పెట్టి "బావా, శుక్రకణాల కౌంట్ నిల్ అంట, ఇంక అంతే" అన్నాడు. అప్పటిదాకా స్కాన్లు, మాత్రలు, మొక్కులు అన్నీ వాడి భార్యకే, అంటే మా చెల్లెమ్మకే, వీడికి టెస్ట్ రాయాలని ఎవరికీ తోచలేదు, మనవాళ్ల సంగతి తెలిసిందేగా. మొదట వెళ్లిన సెంటర్లో అయితే మనిషిని చేత్తో పరీక్ష కూడా చెయ్యకుండానే డోనర్ (వేరేవాళ్ల శుక్రకణాలు) మాట ఎత్తారు.

నిల్ అన్నంత మాత్రాన లోపల శుక్రకణాలు తయారవట్లేదని కాదు. తయారై కూడా దారిలో బ్లాక్ ఉంటే బయటికి రావు. తర్వాత చూపించిన యూరాలజిస్ట్ ఇంకో శాంపిల్ ఇమ్మని, సెంట్రిఫ్యూజ్ చేసి (మెషిన్లో వేగంగా తిప్పి) అడుగున కూడా చూడమని రాశారు. వీర్యం వాల్యూమ్ 1.5 ఎంఎల్ కన్నా తక్కువుండి, పీహెచ్ తగ్గి (ఆమ్లగుణం పెరిగి), అందులో ఉండాల్సిన ఫ్రక్టోజ్ అనే చక్కెర లేకపోతే చివర్లో స్ఖలన నాళం దగ్గర అడ్డు ఉండొచ్చు, లేదా వీర్యనాళమే పుట్టుకతో లేకపోవచ్చు. మావాడికి వాల్యూమ్, ఫ్రక్టోజ్ రెండూ బానే ఉన్నాయి, వృషణాల సైజు, ఎఫ్‌ఎస్‌హెచ్ (శుక్రకణాల తయారీని నడిపే హార్మోన్) నార్మల్, రెండు వైపులా నాళం చేతికి తగుల్తోంది కానీ వృషణం పైనుండే ఎపిడిడిమిస్ (కణాలు పక్వమయ్యే మెలికల గొట్టం) ఉబ్బి గట్టిగా ఉంది. చిన్నప్పుడు హెర్నియా ఆపరేషన్ అయిందా, టీబీ వచ్చిందా, అక్కడ ఎప్పుడైనా వాచిందా అని అడిగితే అప్పుడు బయటపడింది, ఇంటర్‌లో వాపూ జ్వరంతో పడుకుని సిగ్గుతో ఇంట్లో చెప్పలేదంట!

దారులు రెండు చెప్పారు. మైక్రోస్కోప్ కింద అడ్డు దాటించి నాళాన్ని ఎపిడిడిమిస్‌కి కలిపి కుట్టడం ఒకటి, సూదితో శుక్రకణాలు తీసి ఇక్సీ (ల్యాబ్‌లో ఒక్క కణాన్ని అండంలోకి ఎక్కించడం) చెయ్యడం ఇంకోటి. సర్జరీ అందరికీ సక్సెస్ అవదు, సక్సెస్ అయినా కణాలు కనపడ్డానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది కూడా, అందుకే భార్య వయసు ఎక్కువైతే నేరుగా ఇక్సీకే వెళ్లడం నయం అని నా అభిప్రాయం. పుట్టుకతో నాళం లేనివాళ్లకి కలపడానికి ఏమీ ఉండదు కాబట్టి ఇక్సీయే, కానీ దానికి ముందు సీఎఫ్‌టీఆర్ జీన్ టెస్ట్ భార్యాభర్తలిద్దరూ చేయించుకోవాలి, ఇద్దరిలోనూ తేడా ఉంటే బిడ్డకి సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) వచ్చే రిస్క్ ఉంటుంది.

చెల్లెమ్మది చిన్న వయసే కాబట్టి సర్జరీకే మొగ్గారు. అదే రోజు దొరికిన కణాల్ని ఫ్రీజ్ చేయించారు, అతుకు నిలవకపోతే మళ్లీ సూది పొడిపించుకునే బాధ తప్పుతుందని, మీరూ ముందే అడగండి ఈ మాట. మా అత్తగారికి మాత్రం హెర్నియా ఆపరేషన్ అని చెప్పారు, ఆవిడ ఊరంతా అదే చెప్తున్నారు.