పడుకున్నా తగ్గని ఆయాసం

కొండ ఎక్కుతుంటే ఆయాసం రావడం సహజం. దిగివచ్చి మంచం మీద పడుకున్నాక కూడా అది తగ్గకపోతే మాత్రం అలసట అనుకోకూడదు. వేసవి సెలవులకు కొలరాడో కొండలకు బయలుదేరే మనవాళ్లు ఎవరు కనిపించినా ముందు ఈ మాటే చెబుతున్నాను. డాలస్ నుంచి అలా వెళ్లే తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి.

మేము వెళ్లింది బ్రెకెన్‌రిడ్జ్‌కి. 1859లో బంగారం కోసం వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరు. ఊరే 9,600 అడుగుల ఎత్తులో ఉంది. పొద్దున డెన్వర్‌లో విమానం దిగి, 11,000 అడుగుల పైన ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం దాటి, చీకటి పడకముందే అక్కడికి చేరాం. ఆ గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి పీడనం తక్కువ కాబట్టి ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 30 శాతం తగ్గిపోతుంది.

మర్నాడు మెకల్లా గల్చ్ దారిలో జలపాతం దాకా నడిచాం. నేను ఏళ్ల తరబడి పరుగెత్తే అలవాటున్న మనిషిని, హాఫ్ మారథాన్లు పూర్తి చేశాను. గుంటూరు నుంచి వచ్చిన అమ్మ మాత్రం కాస్త దూరం నడిచి, ఒక బండ మీద కూర్చుని పూలు చూస్తూ ఉండిపోయింది. సాయంత్రానికి అందరికీ కొద్దిగా తలనొప్పి. ఆ రాత్రి నాకు పొడి దగ్గు మొదలైంది. చలిగాలి పడలేదేమోనని అమ్మ మిరియాల పాలు కాచి ఇచ్చింది.

తెల్లవారితే క్వాండరీ శిఖరం వైపు వెళ్లాలి. 14,265 అడుగుల కొండ. నేను బస చేసిన ఇంట్లో మెట్లు కూడా ఎక్కలేకపోయాను. నాలుగు మెట్లకు ఒకసారి ఆగాలి, ఆగినా ఊపిరి కుదుటపడదు. మధ్యాహ్నం పక్కన కూర్చున్న అమ్మ నా చెయ్యి పట్టుకుని, "పడుకుని కూడా ఇంత రొప్పుతున్నావేమిటే? గోళ్లు చూడు, నీలంగా ఉన్నాయి" అంది. మావారు వెంటనే కారు తీశారు.

ఊళ్లోని క్లినిక్‌లో వేలికి పరికరం పెడితే రక్తంలో ఆక్సిజన్ 68 శాతం చూపించింది. ఆ ఎత్తులో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు 90కి అటూ ఇటూ ఉంటుంది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా పత్తి పింజల్లా తెల్లటి మచ్చలు. డాక్టరు కుర్చీ దగ్గరకు లాక్కుని ఓపికగా చెప్పారు. ఎత్తైన చోట ఊపిరితిత్తుల్లో నీరు చేరే జబ్బు ఇది. హేప్ అంటారు. ఆక్సిజన్ తగ్గితే ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. అన్నీ ఒకేలా ముడుచుకోవు. ముడుచుకోని చోట ఒత్తిడి పెరిగి, సన్నని గోడల్లోంచి నీరు గాలి గదుల్లోకి ఊరుతుంది. సాధారణంగా ఎత్తుకు చేరాక రెండో రాత్రి నుంచి బయటపడుతుంది, రాత్రిపూట ముదురుతుంది. ఈ జబ్బును 1960లో వైద్య పత్రికలో వివరించిన చార్లెస్ హ్యూస్టన్ కూడా కొలరాడోలోని ఆస్పెన్‌లో పనిచేసిన డాక్టరేనట. ఆయన చూసిన రోగి కూడా మంచి దేహదారుఢ్యం ఉన్న యువకుడే.

ఆ మాట విన్నాకే నాకు కొంత ఊరట కలిగింది. పరుగెత్తే కాళ్లు, గట్టి గుండె ఈ జబ్బును ఆపలేవు. నీళ్లు బాగా తాగితే చాలు, ఏమీ కాదని చెప్పేవాళ్లంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. నీళ్లు తాగాలి, నిజమే. నేనూ తాగాను. ఊపిరితిత్తుల్లోకి ఊరే నీటిని ఆపేది అది కాదు.

ఆక్సిజన్ పెట్టాక అంకె పైకి లేచింది కానీ కావలసినంత కాదు. ఆలస్యం చేయకుండా కిందికి దిగమన్నారు. సిలిండరుతోనే ఆ సాయంత్రం డెన్వర్ ఆసుపత్రికి చేరాం. 4,000 అడుగులకు పైగా దిగడం ఏ మందూ చేయలేని మేలు చేసింది. అర్ధరాత్రికి పూర్తి వాక్యం మాట్లాడగలిగాను.

ఎక్స్‌రే త్వరగానే శుభ్రపడింది, ఒళ్లు మాత్రం అంత త్వరగా కోలుకోలేదు. వారాల పాటు ఇంటి మెట్లెక్కినా నీరసం. వెల్లకిలా పడుకోవాలంటే భయం, మూడు దిండ్లు పెట్టుకుని నిద్రపోయేదాన్ని. ముందు వీధి చివరిదాకా నడక, తర్వాత పార్కు చుట్టూ, చలికాలానికి మళ్లీ పరుగు.

ఒకసారి వచ్చినవాళ్లకు ఇది మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే మరుసటి వేసవిలో డాక్టరును అడిగే బయలుదేరాం. డెన్వర్‌లో రెండు రాత్రులు ఆగాం, ఆయన రాసిన, రక్తనాళాలు ముడుచుకోకుండా చూసే నిఫెడిపిన్ అనే మందు పైకి వెళ్లే ముందురోజే మొదలుపెట్టాను. మొదటి రెండు రోజులు ఊళ్లో వీధులు తిరగడం తప్ప ఏమీ పెట్టుకోలేదు. ఆ తర్వాత తెల్లవారకముందే నడక మొదలుపెట్టి, మధ్యాహ్నం పిడుగుల వేళకు చాలా ముందే చెట్లున్న ఎత్తుకు దిగివచ్చేవాళ్లం. రోజూ పడుకునే ముందు అందరం వేలికి పరికరం పెట్టుకున్నాం, అమ్మతో సహా.

క్వాండరీ మీద చెట్లు అంతమయ్యే చోటు దాకా వెళ్లి, కొండమేకలను చూసి వెనక్కి తిరిగాం. శిఖరం సంగతి వచ్చే ఏడు మళ్లీ డాక్టరును అడగాలి.