బొగ్గు కింద మంచు

మే రెండోవారంలో హనుమకొండ బస్టాండులో పొద్దున ఆరున్నర బస్సెక్కాను. గూడెప్పాడు దగ్గర ములుగు రోడ్డు వదిలి పరకాల వైపు తిరిగేసరికే కిటికీ చువ్వ చేతికి చురుక్కుమంది. భూపాలపల్లిలో ఉన్న మా మేనమామ బొగ్గు జాడ కోసం ఏండ్ల తరబడి బోర్లు వేసిన మనిషి, ఈమధ్యే రిటైరయ్యాడు. ఫోన్లో ఎప్పుడు మాట్లాడినా మాకు ఒకటే వాదన: భూమి వేడెక్కుతున్నది మనిషి వల్లనా, కాదా? "ఒక్కసారి ఇంటికి రా, కూసోని తేల్చుకుందాం" అన్నాడు.

దారిలో చెల్పూరు థర్మల్ కేంద్రం చిమ్నీలు కనబడ్డాయి. రెండు యూనిట్లు కలిపి 1,100 మెగావాట్లు. నేను చిన్నప్పుడు కరెంటు పోయిన రాత్రులు లాంతరు ముందు చదువుకున్నదాన్ని. ఆ చిమ్నీలను పగవాళ్లను చూసినట్టు చూడడం నావల్ల కాదు.

ఇంట్లో అడుగుపెట్టి మంచినీళ్లు తాగానో లేదో, మామ స్టీలు గ్లాసులో ఐసుముక్క వేసి, అంచుదాకా నీళ్లు పోసి నా ముందు పెట్టాడు. అది కరిగేదాకా ఇద్దరం చూస్తూ కూచున్నాం. ఒక్క చుక్క పొర్లలేదు.

"చూసినవా బిడ్డా! మంచు కరిగితే సముద్రం పొంగుతదంటరు. ఏది పొంగింది?"

ఉత్తర ధ్రువం దగ్గర నీటిమీద తేలే మంచు వరకు మామ చూపించింది నిజమే. నేను అత్తమ్మనడిగి చాయ్ జాలి తెచ్చాను. అదే నిండు గ్లాసు మీద జాలి పెట్టి, అందులో కొత్త ఐసుముక్క వేశాను. కాసేపటికి నీళ్లు గ్లాసు అంచు దాటి కింద ప్లేటులోకి జారాయి. గ్రీన్‌లాండ్ మంచు ఇట్లా నేలమీద ఉన్నది మామా, అదంతా కరిగితే సముద్రం ఏడు మీటర్లు లేస్తుందని చెప్పాను. 1901 నుంచి 2018 దాకా సముద్రం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది కూడా. మామ ప్లేటులో నీళ్లను వేలితో తాకి చూశాడు.

"సరే. మరి హిమాలయాల మంచు 2035 కల్లా ఉండదని రాసి, తప్పయిందని ఒప్పుకున్నరు గదా?"

అది దాచాల్సిన సంగతి కాదు. ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం 2007 నివేదికలో ఆ మాట ఉంది, 2010 జనవరిలో తప్పని ఒప్పుకున్నారు. అట్లని మంచు కరగడం ఆగలేదు. 1970ల్లో గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫొటోలను ఇప్పటివాటితో పోల్చి చూస్తే, 2000 తర్వాత హిమాలయాల్లో మంచు తరిగే వేగం అంతకుముందు పాతికేళ్లకంటే రెట్టింపయిందని తేలింది.

భోజనాలయ్యాక మామ అసలు సంగతి ఎత్తాడు. ఇన్నాళ్లూ ఫోన్లో ఎన్నడూ చెప్పనిది. "బోరు బొగ్గు పొరలన్నీ దాటి ఇంకా కిందికి పోతె పచ్చటి రాయి తగుల్తది. ఆ మెత్తటి రాయిల చిన్నయి, పెద్దయి గుండ్రాళ్లు కూరినట్టుంటయి. నీళ్లైతే పెద్దయి ఒకతాన, చిన్నయి ఒకతాన వేస్తయి. గట్ల కలగలిపి మోసుకొచ్చేది మంచొక్కటే అని మా జియాలజిస్టు సారు చెప్పిండు. గంత మంచు మన గోదారి లోయల ఉండె. అది ఎవలు కరిగిచ్చిండ్రు? గప్పుడు మనిషి ఉన్నడా?"

నాకు ఒళ్లు జలదరించింది. మామ చెప్పిన ఆ పచ్చటి రాయినే తాల్చీర్ పొర అంటారు. దాని గురించి నేను పుస్తకంలో చదివాను, మామ చేత్తో పట్టుకున్నాడు. దాదాపు 30 కోట్ల ఏండ్ల కిందట మన నేల దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. మంచు పోయాక గ్లోసోప్టెరిస్ అనే పాతకాలపు చెట్ల అడవులు పెరిగి, గాలిలోని కార్బన్‌ను పీల్చుకుని, బురదలో కూరుకుపోయి బొగ్గయ్యాయి. అప్పటి మార్పులకు అప్పటి కారణాలున్నాయి, అవి కోట్ల ఏండ్లు పట్టాయి. అట్లా దాచుకున్నదాన్ని మనం రెండు వందల ఏండ్లలో మళ్లీ గాలిలోకి వదులుతున్నాం. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగల లెక్క ప్రకారం, యంత్రాల కాలానికి ముందు 8 లక్షల ఏండ్లలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో 300 దాటలేదు. ఇప్పుడు 420 దాటింది. అది మనం తవ్వి కాల్చిందే అనడానికి గుర్తు కూడా ఉంది: రేడియో కార్బన్ అంటే కాలం గడిచేకొద్దీ తరిగిపోయే ఒక రకం కార్బన్, అంత పాత బొగ్గులో అది మిగలదు. అందుకే బొగ్గు కాల్చిన పొగ కలిసేకొద్దీ గాలిలో దాని పాలు తగ్గుతుంది. గాలిలో ఆ రకం అట్లా పలచబడడాన్ని హన్స్ స్యూస్ అనే శాస్త్రవేత్త 1955లోనే చెట్ల కలపలో చూపించాడు.

మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "అంటే బిడ్డా, మేం చేసిన పని తప్పంటవా?"

ఇన్నేండ్ల వాదన వెనక ఉన్న బాధ ఇదన్నమాట. మామ జీతంతో ముగ్గురు పిల్లలు చదువుకున్నారు. కాదు మామా, నువ్వు తవ్వింది మేమంతా వాడుకున్నం అన్నాను. అంతకంటే మంచి జవాబు ఆ క్షణంలో తోచలేదు.

తిరుగు ప్రయాణంలో మోరంచపల్లిలో దిగాను. వాగు ఇసుకతెల్లగా ఎండి ఉంది. 2023 జులై 27 తెల్లవారుజామున ఇదే వాగు ఊరి మీదికొస్తే జనం మిద్దెలెక్కారు, హెలికాప్టర్లొచ్చి దించాయి. ఆ 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 650 మిల్లీమీటర్లు, ఇక్కడి చిట్యాలలో 616 పడింది. ఆ ఒక్క వానను వేడెక్కిన భూమి ఖాతాలో పూర్తిగా వేయలేం. ఈ వాగుకు హిమాలయాలతో సంబంధం లేదు, గోదావరి కూడా మంచులో పుట్టిన నది కాదు. కానీ అక్కడ మంచును కరిగించే వేడే ఇక్కడి మబ్బులో నీళ్లు పెంచుతుంది. ఒక్క డిగ్రీ పెరిగితే గాలి 7 శాతం ఎక్కువ ఆవిరిని మోస్తుంది.

ఒక పెద్దమ్మ తన ఇంటి గోడమీద నీళ్లొచ్చిన ఎత్తు చేత్తో చూపించింది. ఆమె చెయ్యి పైకెత్తితే గాని అందలేదు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు మామ ఫోన్ చేశాడు. "మోరంచపల్లిల దిగినవా? నీళ్లు ఎంత ఎత్తు వచ్చినయంటున్నరు?" చెప్పాను. కాసేపు ఆగి, "ఆ బుడగల లెక్క, రేడియో కార్బన్ ముచ్చట కాయితం మీద రాసి పంపు. మా దోస్తులకు గూడ చదివి వినిపిస్త" అన్నాడు.

పరకాల బస్సులో కూచుని రాయడం మొదలుపెట్టాను.