కొమ్ముల్లేని ఓని

మేముండేది టోక్యోలో, నిషికసాయిలో. మా అమ్మాయికి పదకొండేళ్లు. విజయవాడలో ఉండే టీచర్ గారి దగ్గర వీడియో కాల్‌లో కూచిపూడి నేర్చుకుంటోంది. ఆగస్టు మొదట్లో ఇవాతె ప్రాంతంలోని కితకామిలో జానపద కళల పండుగ జరుగుతుందని తెలిసి ఇద్దరం షింకన్సెన్, అంటే బుల్లెట్ రైలు, ఎక్కాం. మూడు గంటలలోపే దిగిపోయాం. ఊరి చుట్టూ వరి చేలు. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

అక్కడి నాట్యం పేరు ఓని కెంబై. ఓని అంటే రాక్షసుడు. ఎనిమిది మంది నడుముకి కత్తి కట్టుకుని, భయం పుట్టించే మాస్కులు పెట్టుకుని ఆడతారు. మాస్కులు తెలుపు, నీలం, ఎరుపు, నలుపు రంగుల్లో ఉంటాయి. ఏ ఒక్కదానికీ కొమ్ములుండవు. చూడ్డానికి రాక్షసులే అయినా వీళ్లు బుద్ధుడి రూపాలని అక్కడివాళ్ల నమ్మకం. చనిపోయిన పెద్దల ఆత్మశాంతి కోసం ఆడే నాట్యమిది. 2022లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన 41 ఫుర్యు ఒదొరి అనే జపాన్ జానపద నాట్యాల్లో ఇదీ ఒకటి.

పండుగకి ముందురోజు సాయంత్రం, మేం దిగిన బసలోని పెద్దావిడ నాట్యం నేర్పేవాళ్లనడిగి మరీ మమ్మల్ని పిల్లల సాధనకి తీసుకెళ్లింది. చెక్క నేల ఉన్న చిన్న హాలు. పది పన్నెండు మంది పిల్లలు, వాళ్లలో నలుగురు ఆడపిల్లలు. ఒకప్పుడు ఇది మగవాళ్ల నాట్యం. ఊళ్లో పిల్లలు తగ్గిపోతున్నప్పుడు ఆడపిల్లలకి తలుపు తెరవడం చాలా మంచి పనని నాకనిపించింది. మన కూచిపూడీ ఒకప్పుడు మగవాళ్లదేగా. ఆడపిల్లలు వచ్చాక అది ఎంత దూరం వెళ్లిందో మనం చూశాం.

సెన్సేకి, అంటే గురువుగారికి, డెబ్బై దాటి ఉంటాయి. పిల్లలకి వీపు పెట్టి ముందు నిలబడ్డారు. ఆయన కుడికాలు ఎత్తితే వెనక అందరి కుడికాళ్లూ లేచాయి. పుస్తకం లేదు, లెక్క పెట్టడం లేదు. డప్పు దరువుని ముందు నోటితోనే పలికించారు, "దోన్, దొకొ, దోన్" అని. మనం జతులు చెప్పినట్టే. నోట్లో నిలిచాకే కాళ్లకి వస్తుందట. నేలని బలంగా తొక్కే అడుగు ఇందులో ముఖ్యం. చెడుని అణిచేయడానికే అలా తొక్కుతారని చెప్పారు.

ముందు వరసలో ఎనిమిదేళ్ల పిల్లాడొకడు మోకాళ్లు వంచకుండా నిటారుగా ఆడుతున్నాడు. సెన్సే చేతి తాళాలు ఆపేశారు. కోప్పడలేదు. వాడి పక్కన వచ్చి తనే కిందికి వంగి, నడుము మీద చెయ్యేసి "కొషి, కొషి" అన్నారు. కొషి అంటే నడుము. వాడు వంగాడు, రెండడుగులు వేశాక మళ్లీ లేచాడు. మళ్లీ తాళాలు ఆగాయి. ఇలా ఏడెనిమిది సార్లు.

మా అమ్మాయి నా చెవిలో, "అమ్మా, మా టీచర్ గారు అరమండి, అరమండి అన్నట్టే" అంది. అరమండి అంటే మోకాళ్లు వంచి నిలబడే భంగిమ. కాసేపాగి, "కానీ ఆవిడ నా నడుము మీద చెయ్యెయ్యలేరుగా" అంది. నాకేం చెప్పాలో తెలియలేదు. ఆ టీచర్ గారు ఎంత ఓపికగా చెప్తారో నాకు తెలుసు. అయినా వచ్చే వేసవి సెలవుల్లో దీన్ని విజయవాడ తీసుకెళ్లి నెల్లాళ్లు ఆవిడ ఎదుట నిలబెట్టాలని అప్పుడే అనుకున్నాను.

సాధనలో పిల్లలు మాస్కు పెట్టుకోలేదు. ఒకటి ఇస్తే కళ్లకి అడ్డం పెట్టుకుని చూశాను. సన్నటి చీలికల్లోంచి ఎదురుగా ఉన్న గోడ కనిపించింది కానీ నా కాళ్లు నాకు కనిపించలేదు. మాస్కు దాకా వెళ్లాలంటే ముందు కాళ్లు ఎటు వెళ్తున్నాయో ఒంటికే తెలిసిపోవాలి.

మర్నాడు రాత్రి మంటల వెలుగులో వందమందికి పైగా ఓనిలు ఒక్కసారి నేల తొక్కితే నా గుండె అదిరింది. కానీ నాకు ఎక్కువ గుర్తున్నది అంతకు ముందు వచ్చిన పిల్లల బృందం. ఆ పిల్లాడు అదే ముందు వరసలో ఉన్నాడు. సెన్సే పక్కన నిలబడి వాడి ముఖం వైపు చూడకుండా మోకాళ్లనే చూస్తున్నారు. వాడు చివరిదాకా లేవలేదు. తాళాలు ఒక్కసారీ ఆగలేదు.