మెస్‌కి అరిటాకు బోర్డు: ఆకారం నుంచి ఎస్‌ఎంపీఎస్ దాకా

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఔట్ లాంటి చోట్ల మనవాళ్ల మెస్‌లు చాలానే ఉన్నాయి. బోర్డులు మాత్రం చాలావరకు ఒకే తీరు: పొడుగాటి ఎర్ర పలక, దాని నిండా అక్షరాలు, మూలన బిర్యానీ ఫొటో. బండి మీద పోయేవాడికి అదంతా చదివే తీరిక ఉండదు. దూరం నుంచి కంటికి ముందు తగిలేది బోర్డు అంచు. అక్షరం అందకముందే ఇక్కడ భోజనం దొరుకుతుందని తెలియజెప్పగలిగేది ఆ అంచే. అందుకే ఉన్న డబ్బుతో రెండడుగులు ఎక్కువ పొడుగు కొనే బదులు, మంచి ఆకారం కోయించుకోండి.

ఆకారం పనికొస్తుందో లేదో తేల్చుకోవడం తేలిక. బొమ్మను పూర్తిగా నల్లరంగుతో నింపి, ఫోన్‌లో గోరంత చేసి చూడాలి. కత్తెర, తాళంచెవి, అరిటాకు వెంటనే తెలుస్తాయి. గుండ్రటి బిర్యానీ పళ్లెం ఒట్టి సున్నా అయిపోతుంది. మెస్‌కి అరిటాకే నా ఓటు. రంగులు తీసేసినా గుర్తుపడతారు, పైగా అడ్డంగా ఉంటుంది కాబట్టి పేరు పడుతుంది.

5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఆకు అనుకుందాం. ముందు చట్టం సంగతి. కర్ణాటకలో 2024లో సవరించిన చట్టం ప్రకారం బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలి, అదీ పై భాగంలో. చాలామంది బోర్డు అంతా అయ్యాక పైన ఒక స్టిక్కర్ అతికించి ఆకారం పాడుచేసుకుంటారు. అరిటాకులో ఆ అవస్థ లేదు. నడిమి ఈనెను సరిగ్గా మధ్యలో గీయకుండా, పై అంచు నుంచి 14 అంగుళాలు దాటాక గీయండి. పైన కన్నడ, కింద తెలుగు, ఇంగ్లిష్. ఈనె అలా కొంచెం కిందికి జారితే ఆకు ఇంకా సహజంగా కనిపిస్తుంది.

అక్షరాలకు ఈ పనిలో వాడుకలో ఉన్న లెక్క: 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు. రోడ్డు అవతలి వైపు 60 అడుగులుంటే 6 అంగుళాలు. ఇది ఇంగ్లిష్ అక్షరాలను చూసి పెట్టిన లెక్క, మన లిపులకు చాలదు. 'శ్రీ' తీసుకోండి: పైన గుడిదీర్ఘం, కింద క్రావడి. 'అన్నపూర్ణ'లో రెండు ఒత్తులు. కన్నడలోనూ అంతే. అసలు అక్షరం 7 అంగుళాలుంటే ఒత్తు కోసం కింద ఇంకో 3, 4 అంగుళాలు వదలాలి. ఫాంటు లావుగా ఉండాలి, సన్నటి చోట కూడా గీత అర అంగుళానికి తగ్గకూడదు.

ఫైలు దగ్గర తరచూ జరిగే తప్పు ఒకటుంది. ఫాంటులో అక్షరం, గుణింతం, ఒత్తు విడివిడి ముక్కలుగా ఒకదానిమీదొకటి ఎక్కి ఉంటాయి. స్క్రీన్ మీద బాగానే కనిపిస్తుంది. వినైల్‌ని (అతికించే ప్లాస్టిక్ పొర) కోసే ప్లాటర్ మిషన్ మాత్రం ఆ దాటే గీతలన్నీ కోసేస్తుంది, వినైల్ పీకేటప్పుడు అక్షరం ముక్కలవుతుంది. బొమ్మలు గీసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలను కర్వ్స్‌గా (గీతలుగా) మార్చి, వెల్డ్ కొట్టి ముక్కలన్నీ ఒకటి చేసి, ఒట్టి గీతలే చూపే వైర్‌ఫ్రేమ్‌లో చూస్తే మిగిలిన తప్పు దొరికిపోతుంది. కన్నడ అక్షరాలను కన్నడ చదివే మనిషికి చూపించి తీరాలి. తలకట్లు మన లిపికి దగ్గరగా ఉండటంతో మన కంటికి తప్పు ఆనదు.

కోతకు ఇచ్చే ముందు అసలు సైజులో కాగితం మీద తీసి, షట్టర్‌కి అతికించి, రోడ్డు అవతలి నుంచి చూడండి. ఈ ఖర్చు దగ్గర లోభిస్తే తర్వాత షీటే దండగవుతుంది.

ఈ ఆకును లోపల లైట్లుండే పెట్టెలా చేయాలి. ముఖానికి 3 ఎం.ఎం. పాలతెలుపు యాక్రిలిక్, వెనక 3 ఎం.ఎం. ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్). చాలా లేజర్ షాపుల్లో బెడ్ 1300 × 900 ఎం.ఎం.; మన ఆకు 1525. కాబట్టి 8 × 4 అడుగుల సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్‌తో నడిచే కోత మిషన్) ఉన్నచోటికే పోవాలి. ఆకు కొనను సూదిలా చెక్కకండి. లోపల మాడ్యూల్ (చిన్న ఎల్‌ఈడీ దీపాల ముక్క) పట్టని చోటు రాత్రి నల్లగా మిగులుతుంది. చివర కనీసం రెండున్నర అంగుళాల వెడల్పు ఉంచి మొద్దుగా తిప్పాలి. పక్కలకు 4 అంగుళాల వెడల్పు అల్యూమినియం పట్టీ, చుట్టుకొలత 12 అడుగులకు కాస్త తక్కువ, 13 తీసుకోండి. ఆకుపచ్చ వినైల్ తప్పకుండా ట్రాన్స్‌లూసెంట్‌దే, అంటే వెలుగు దాటనిచ్చేదే కావాలి. మామూలుది వేస్తే పగలు ముచ్చటగా ఉంటుంది గానీ, లైటు వేయగానే ఆకంతా నల్లబడుతుంది.

ముఖాన్ని అంచుకు గట్టిగా అంటించేయడం ఇంకో పొరపాటు. యాక్రిలిక్ మీటరుకు, ఒక్కో డిగ్రీకి 0.07 ఎం.ఎం. సాగుతుంది. తెల్లవారుజాము చలికీ మధ్యాహ్నం ఎండకీ మధ్య షీటు వేడిలో 30 డిగ్రీల తేడా ఉంటే ఈ ఆకు 3 ఎం.ఎం. పెరుగుతుంది. చుట్టూ 2 ఎం.ఎం. సందు లేకపోతే స్క్రూల దగ్గర చీలిక మొదలవుతుంది. వెనిగర్ వాసన కొట్టే సిలికాన్ లోహాన్ని తినేస్తుంది. ఆ వాసన రాని రకాన్ని న్యూట్రల్ క్యూర్ అని అడిగి తీసుకోండి.

లైట్ల లెక్క పెట్టె లోతును బట్టి. మాడ్యూళ్ల మధ్య దూరం లోతును మించితే ముఖం మీద చుక్కలు చుక్కలుగా వెలుగు పడుతుంది. 4 అంగుళాల లోతుకు 4 అంగుళాల ఎడం, అంటే చదరపు అడుగుకు 9. ఆకు దాదాపు 7 చదరపు అడుగులు కాబట్టి ఇంచుమించు 60 మాడ్యూళ్లు. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో 12 వోల్టుల, ఒక వాట్‌వి అడగండి, మొత్తం 60 వాట్లు. ఇంటి కరెంటును 12 వోల్టులకు మార్చే ఎస్‌ఎంపీఎస్‌ని 80 శాతానికి మించి లాగకూడదు కాబట్టి కనీసం 75 వాట్లది కావాలి, కాస్త వెసులుబాటుకు 100ది తీసుకోండి. రోజూ ఆరు గంటలు వెలిగినా అర యూనిట్ దాటదు. అరవైనీ ఒకే దండగా గుచ్చితే చివరివి మసకబారతాయి. ఇరవై చొప్పున మూడు దండలు చేసి, దేనికదే వైరు ఇవ్వండి.

ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో వద్దు, షట్టర్ లోపల ఉండాలి. వానకు తడవదు, పాడైతే నిచ్చెన ఎక్కక్కర్లేదు. అక్కడినుంచి పెట్టె దాకా మూడు దండలకూ కలిపి ఒకే వైరు 5 మీటర్లు పోతే 1.5 చదరపు ఎం.ఎం. రాగి తీగలో 0.6 వోల్టు దాకా పోతుంది. అంత దూరమైతే 2.5ది వేయించండి.

బిగింపుకు ముప్పావు అంగుళం చదరపు పైపు ఫ్రేము, వెల్డింగ్ అయ్యాక తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ పూత. షట్టర్ పైన లింటల్ (అడ్డ దూలం) కాంక్రీటు కాబట్టి 10 ఎం.ఎం. యాంకర్ బోల్టు పట్టేస్తుంది. హాలో బ్లాక్ (లోపల బోలుగా ఉండే ఇటుక) గోడలో అదే బోల్టు గిరగిరా తిరుగుతుంది. అక్కడ గోడకు ఇటునుంచి అటు దాటేలా బోల్టు వేసి, లోపలి వైపు ఇనుప ప్లేటు పెట్టాలి. పెట్టె అడుగున, వంపు దిగిన చోట 6 ఎం.ఎం. బెజ్జాలు రెండు మూడు వేయించండి. ఎంత సీలు చేసినా లోపల చెమ్మ చేరుతుంది. ఆ బెజ్జాల్లో దుమ్ము, సాలెగూడు పేరుకుంటాయి కాబట్టి జూన్ వానలకు ముందు ఒక తీగతో పొడిపించండి.