ముల్లు నన్ను దొంగను చేసిన రోజు

నిన్ననే నా చేతిపట్టు బలానికి చివరి కొలత అయింది. కుడిచేయి 27 కిలోలు, ఎడమచేయి 34. ఇదే కుడిచేయి మొదటిరోజు 9 దగ్గర చతికిలబడింది. కాబట్టి ఇప్పుడు కాస్త గొప్పలు చెప్పుకుంటే తప్పులేదు.

కుడిచేతి ఉంగరం వేలి మొదటి ఎముక విరిగింది, కట్టు కట్టారు, విప్పారు. అదేమంత కథ కాదు. విప్పాక వేలు వంగకపోవడమే కథ.

మొదట గోనియోమీటర్. జామెట్రీ బాక్సులోని కోణమానినికి తమ్ముడిలా ఉంటుంది. వేలి వీపు మీద ఆనించి డిగ్రీలు చూస్తారు. మధ్య కణుపు మామూలుగా 100 డిగ్రీల దాకా వంగాలి. నా అంతట నేను వంచితే 55, థెరపిస్టు మేడమ్ వంచితే 75. కీలే బిగుసుకుపోతే రెండూ దాదాపు ఒకటే వస్తాయట. నాకు తేడా ఉంది కాబట్టి వేలిని లాగే నరంలాంటి తాడు ఎక్కడో అతుక్కుని ఉండొచ్చన్నారు. మర్నాడు 58 వచ్చిందని నేను మురిసిపోతుంటే, ఐదు డిగ్రీల లోపు తేడా కొలతలోనే వచ్చేస్తుందని ఆవిడ గాలి తీసేశారు. వేళ్లతో నొక్కే బలం కొలిచే పించ్ గేజ్‌ది ఒక్క నిమిషం పని: తాళం చెవి పట్టుకున్నట్టు బొటనవేలితో నొక్కడమే.

ఇక అసలు సంగతి. ఇన్సూరెన్స్ కాగితాల కోసం నన్ను వేరే చోటికి పంపారు. అక్కడాయన నన్ను నిలబెట్టి, పిడికిలి పట్టు కొలిచే డైనమోమీటర్ చేతిలో పెట్టారు. దాని పిడిని ఐదు స్థానాల్లో బిగించొచ్చు. ఒక్కోచోట నొక్కించి రాసుకున్నారు: 8, 9, 9, 8, 8. అంతే, ఆయన ముఖం మారిపోయింది. గట్టిగా నొక్కేవాళ్లకి రెండో, మూడో స్థానంలో ఎక్కువ వచ్చి, అటూ ఇటూ తగ్గి, గీత గుట్టలా వస్తుందట. నాది చదునుగా వచ్చింది. పక్కనున్న కుర్రాడితో, నాకు వినపడేలాగే, "పూర్తి బలం పెట్టట్లేదు, రాసుకో" అన్నారు.

చెమటలు పట్టాయి. నొక్కితే వేలు మళ్లీ విరుగుతుందేమోనని భయంగా ఉందండీ అన్నాను. వినిపించుకుంటేగా! కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ గబగబా మార్చి నొక్కించారు. దొంగ దొరికాడా లేదా అన్నట్టు ముల్లు వైపే చూపు. అంతమందిలో అబద్ధాలకోరులా నిలబడ్డాను. జీవితంలో ఒక్క దొంగ బిల్లు పెట్టినవాణ్ని కాదు.

మా మేడమ్‌కి చెబితే ఆవిడకీ కోపం వచ్చింది. చెయ్యి బాగా బలహీనపడినా, నొప్పి ఉన్నా గీత చదునుగా రావచ్చు, అదొక్కటీ చూసి మనిషిని నమ్మొద్దనడం తప్పు అన్నారు. పైగా నిలబెట్టి కొలవడమేంటి? కూర్చోబెట్టి, భుజం ఒంటికి ఆనించి, మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, బొటనవేలు పైకి ఉండేలా పట్టించి, పిడి రెండో స్థానంలో పెట్టి మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. ఆవిడ అలాగే తీసి, నొప్పి ఎంతుందో కూడా పక్కన రాసిచ్చారు. ఆ కాగితం జత చేశాకే నా క్లెయిమ్ కదిలింది.

మీరు వెళ్తే ముందు పిడి ఏ స్థానంలో ఉందో చూసుకోండి. పోయినసారి ఎక్కడ పెట్టి కొలిచారో అడిగి రాసుకోండి, చిరాకు పడితే పడనివ్వండి. నొప్పి వస్తే నొప్పి అని అప్పుడే, గట్టిగా చెప్పండి, అది కాగితం మీదికి ఎక్కేదాకా లేవకండి. నేను భయమని ఒక్కమాట అని, ఆ తర్వాత మర్యాదకు పోయి నోరు మూసుకున్నాను.

పిడికిలి బిగిస్తే ఉంగరం వేలి కొన ఇంకా అరచేతికి ఒక సెంటీమీటరు దూరంలోనే ఆగుతోంది. చిన్న స్కేలు కొని రోజూ రాత్రి నేనే కొలుచుకుంటున్నాను, కూర్చునే.