మెంటల్ హెల్త్ టాపిక్‌ని జీతం దగ్గర్నుంచి చదివాను – నా గ్రూప్-1 మెయిన్స్ ప్రిపరేషన్ అనుభవం

అందరికీ నమస్తే. నేను జాబ్ చేసుకుంటూ రెండోసారి గ్రూప్-1 మెయిన్స్‌కి ప్రిపేర్ అవుతున్నాను. ఏ బుక్స్ చదవాలి, రోజుకి ఎన్ని గంటలు కూర్చోవాలి అన్నది నాకంటే ముందు రాసినవాళ్లు చాలామంది చెప్పేశారు కాబట్టి అది వదిలేస్తున్నా. ఒక్క టాపిక్ గురించే చెప్తాను, ఎందుకంటే ఆ టాపిక్కే నా ఉద్యోగం కూడా.

నేను జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో, అదే డీఎంహెచ్‌పీలో, సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని, కాంట్రాక్ట్ మీద. పొద్దున 4:30కి లేచి 7 దాకా చదువు, తర్వాత ఓపీ, రాత్రి ఒక ఆన్సర్ రాసి పడుకోవడం, ఇంతకంటే నాకు కుదరలేదు.

మొదటి అటెంప్ట్ అప్పుడు మెంటల్ హెల్త్ మీద ప్రశ్న వస్తే నాకు ఢోకా లేదు అని గట్టిగా నమ్మేదాన్ని. టెస్ట్ సిరీస్‌లో నిజంగానే వచ్చింది. 2015-16 నేషనల్ మెంటల్ హెల్త్ సర్వే రాశాను, పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి ట్రీట్‌మెంట్ అందట్లేదు అని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాశాను. చివర్లో వే ఫార్వర్డ్ (ఇకముందు ఏం చేయాలి) కింద "ఖాళీ పోస్టులు వెంటనే భర్తీ చేయాలి" అని రాసి పేపర్ ఇచ్చేశా. దిద్దిన సార్ సరిగ్గా ఆ లైన్ కింద ఎర్ర పెన్నుతో గీత గీసి పక్కన "జీతం ఎవరిస్తారు? ఏ పద్దు నుంచి?" అని రాశారు. సగం మార్కులు కూడా రాలేదు. అప్పటికి నాకు మూడు నెలల జీతం పడలేదు. అదే ప్రశ్న ఇంట్లో రోజూ వింటున్నాను, పేపర్ మీద రాయాలని మాత్రం తట్టలేదు, చాలాసేపు ఆ పేపర్ పట్టుకుని కూర్చుండిపోయాను.

అప్పట్నుంచి ఈ టాపిక్‌ని డబ్బు వచ్చే దారిలో చదవడం మొదలుపెట్టా. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, బళ్లారిలో చేసి చూసిన మోడల్ ఆధారంగా 1996లో డీఎంహెచ్‌పీ, ఇప్పటికి 767 జిల్లాలకి మంజూరైంది, ఇదంతా అందరి నోట్స్‌లో ఉంటుంది. కేంద్ర బడ్జెట్‌లో డిమాండ్స్ ఫర్ గ్రాంట్స్ అని, ఏ శాఖకి దేనికెంత అని చూపించే పత్రం ఉంటుంది, ఆరోగ్య శాఖది తెరిచి ఒక్కసారైనా చూడండి. 2024-25 అంచనాల్లో మానసిక ఆరోగ్యం పేరుతో కనపడేది సుమారు 1,000 కోట్లు, అందులో 850 కోట్లు బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కి, 64 కోట్లు అస్సాం తేజ్‌పూర్‌లోని మానసిక ఆరోగ్య సంస్థకి, 90 కోట్లు ఫోన్‌లో మానసిక సాయం అందించే టెలి మానస్‌కి. నిమ్హాన్స్‌కి ఇవ్వడం తప్పని నేను అనను, ఈ ఫీల్డ్‌లో మనుషుల్ని తయారుచేసేదే అది. కానీ జిల్లాల్లో ఓపీలో కూర్చునే మాలాంటివాళ్ల జీతం ఈ లైన్లలో వెతికితే దొరకదు. అది నేషనల్ హెల్త్ మిషన్ కింద వస్తుంది, చాలా రాష్ట్రాలకి కేంద్రం 60, రాష్ట్రం 40. ఆ రెండు వాటాలూ రిలీజ్ అవ్వాలి, రాష్ట్రం నుంచి జిల్లాకి దిగాలి, ఆ తర్వాత మా అకౌంట్, ఈ మధ్యలో ఏ ఫైల్ ఎక్కడ ఆగినా ఆగేది మా జీతమే, మందులు కొనడం ఆగితే కనపడినట్టు అది బయటికి కనపడదు, అందుకే ఎవరికీ పట్టదు. ప్రపంచం మొత్తం మీద చూసినా ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే ఖర్చులో మానసిక ఆరోగ్యానికి వెళ్లేది మీడియన్‌గా (దేశాలన్నిటినీ వరసలో పెడితే మధ్యలో వచ్చే అంకె) 2 శాతం దగ్గరే ఉందని డబ్ల్యూహెచ్‌వో మెంటల్ హెల్త్ అట్లాస్ రిపోర్ట్ చెప్తోంది.

2017 చట్టం దగ్గర అందరూ సెక్షన్ 18 (వైద్యం పొందే హక్కు), సెక్షన్ 115 (ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్లుగా చూడాలి అనేది) రాసి వదిలేస్తారు. సెక్షన్ 31 చదవండి. చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్లలో జనాభాకి తగ్గట్టు మానసిక ఆరోగ్య నిపుణుల సంఖ్యని అంతర్జాతీయ ప్రమాణాలకి తీసుకురావడానికి ప్రభుత్వాలు ప్రయత్నించాలి అని అందులో ఉంది. అమల్లోకి వచ్చింది 2018 మే 29న, అంటే గడువు 2028 మే. లక్ష మందికి 0.75 మంది సైకియాట్రిస్టులు ఉన్నారని ఎక్కువగా కోట్ చేస్తారు, ఉండాల్సింది 3 అంటారు. ఇక్కడే జీతం పాయింట్ పెట్టండి, ఎందుకంటే పీజీ అయ్యాక రెండేళ్లు ఎంఫిల్ చేసి ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ తెచ్చుకున్న క్లినికల్ సైకాలజిస్ట్‌ని ఏడాదికోసారి రెన్యువల్ అని పిలిస్తే ఎవరు వస్తారు, వచ్చినా ఎన్నాళ్లు ఉంటారు.

పాలిటీ కూడా ఇందులోనే కవర్ అవుతుంది. ఆర్టికల్ 39(డి) సమాన పనికి సమాన వేతనం, 2016లో జగ్జీత్ సింగ్ కేసులో అదే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకి కూడా ఆ సూత్రం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. 2006 ఉమాదేవి కేసు మాత్రం పక్కనే రాయాలి, కాంట్రాక్ట్‌లో చేశాం కాబట్టి రెగ్యులరైజేషన్ హక్కు అయిపోదు అన్నది అది. నా బాధ నాది అని ఉమాదేవిని వదిలేసి రాశాననుకోండి, మార్కులు పోతాయి, నేను ఒకసారి పోగొట్టుకున్నా కూడా.

ఇంకో ఫ్రెష్ పాయింట్. విద్యార్థుల ఆత్మహత్యల మీద 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, 100 మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో, కోచింగ్ సెంటర్లతో సహా, కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ లేదా సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలని చెప్పింది. ఇది మనకోసమే వచ్చిన తీర్పు తమ్ముళ్లూ చెల్లెళ్లూ. మీరు చదివే చోట ఆ మనిషి ఉన్నారా అని అడగండి, ఉంటే ఫుల్ టైమా, వారానికి ఒక పూటా అన్నది కూడా అడగండి. నిద్ర పట్టకపోయినా, చదవడం అనవసరం అనిపించినా 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్, 2022 అక్టోబర్ 10న మొదలైంది. ఎగ్జామ్ పాయింట్ అని మాత్రమే గుర్తుపెట్టుకోకండి, ప్లీజ్.

ఒక్క విషయం చూపించి ఆపేస్తా. మా ఓపీకి ఒకమ్మ కొడుకుని తీసుకుని వస్తుంది, పెద్దబ్బాయే, మాట తక్కువ. మా దగ్గర పనిచేసిన సైకాలజిస్ట్ మేడమ్‌తో నాలుగు నెలలకి నోరు విప్పాడు. రెన్యువల్ లేట్ అయ్యి, జీతం లేక, మేడమ్ ప్రైవేట్‌కి వెళ్లిపోయారు. చాలా రోజుల తర్వాత కొత్తవాళ్లు వచ్చి ఫైల్ తిప్పుతూ "మొదట్నుంచి చెప్పు నాన్నా" అన్నారు. ఆ అబ్బాయి తలెత్తి వాళ్లమ్మ వైపు చూసి "మళ్లీనా" అన్నాడు. ఆ రోజంతా ఇంకేం మాట్లాడలేదు. నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో సెక్షన్లు, అంకెలు రాసుకుంటాను, కుడి పేజీలో ఇలాంటివి. ఇప్పుడు నేను ఎస్సే మొదలుపెట్టేది కుడి పేజీ నుంచే.

మొన్న ఆ అమ్మ నా బ్యాగ్‌లో పుస్తకాలు చూసి "మీరు కూడా వెళ్లిపోతారా మేడమ్" అని అడిగింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు, సెలక్ట్ అయితే వెళ్తానమ్మా అన్నాను. అప్పట్నుంచి ప్రతి పేషెంట్‌కీ ఫాలో అప్ నోట్స్ పొడుగ్గా రాస్తున్నా, ఏ మాట దగ్గర ఆగాడు, దేనికి కొంచెం నవ్వాడు, అన్నీ. ఓపీ అయ్యాక దానికి రోజూ ఇంకో అరగంట పోతోంది, చదువులోంచి తీసిన అరగంటే అది.