ముంగి

పిన్ని మధ్యాహ్నం అన్న మాట ఇంకా గుచ్చుతోంది. మా చిన్నది ఆవిడని చూసి నవ్వి గదిలోకి వెళ్ళిపోయింది, అంతే. "అచ్చం మా బావే, ముంగి" అనేసింది మా నాన్నని తల్చుకుని, అది వింటుండగానే. పదేళ్ళ పిల్లని ఆ మాట ఎన్నాళ్ళు పట్టుకుని ఉంటుందో! నేనేమో కాఫీ ఇచ్చి ఊరుకున్నాను. ఏదో ఒకటి అనాల్సింది.

ఆదివారం సైకాలజీ పరీక్ష. పొద్దుటి నుంచీ లక్షణ సిద్ధాంతాలే, అంటే మనిషిని అతని స్థిరమైన గుణాలతో వివరించేవి. ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనే సైకాలజిస్టులు కలిసి 1936లో ఇంగ్లీషు నిఘంటువు జల్లించి, మనిషికీ మనిషికీ తేడా చెప్పే మాటలు 17,953 ఏరారు. వాటిలో స్థిరమైన గుణాలు చెప్పేవి సుమారు 4,500. కాటెల్ అనే ఆయన అక్కడ మొదలుపెట్టి, కలిసేవి కలుపుకుంటూ 16 గుణాల దగ్గర ఆగాడు. తర్వాతివాళ్ళు అయిదు చాలన్నారు. ఇన్ని మాటలుండగా పిన్నికి ఆ ఒక్కటే దొరికిందా అని మళ్ళీ కోపం వచ్చింది.

నాన్న ముంగి కాదు. ఇంట్లో కంచం ముందు కూర్చుంటే "మజ్జిగ" తప్ప మాట ఉండేది కాదు, నిజమే. కానీ నా ఏడో తరగతిలో ఒకసారి క్యారియర్ ఇవ్వడానికి బస్ డిపోకి వెళ్ళాను. షెడ్డులో పదిమంది మధ్య నిలబడి, చేతులు తిప్పుతూ కథ చెప్తున్నాడు. ఎవరో కోడిపుంజుతో బస్సెక్కి దానికీ టికెట్ కొట్టమన్నాడట. అందరూ పగలబడి నవ్వుతున్నారు. ఆ గొంతు నాన్నదని నాకు వెంటనే తెలియలేదు. నన్ను చూసి ఆపేశాడు. "ఎండలో ఎందుకొచ్చావమ్మా" అని క్యారియర్ అందుకున్నాడు.

మిషెల్ అనే సైకాలజిస్టు 1968లో రాసింది చదువుతుంటే ఆ షెడ్డే కనిపించింది. ఒకచోటి ప్రవర్తనకీ ఇంకోచోటి ప్రవర్తనకీ సహసంబంధం, అంటే రెండూ ఎంత కలిసి నడుస్తాయన్న కొలత (పూర్తిగా కలిస్తే 1), 0.30 దాటడం అరుదు అన్నాడాయన. నోట్సులో పక్కన పెన్సిల్‌తో "నాన్న" అని రాసుకున్నాను. మనిషికి అన్నిచోట్లా ఒకటే గుణం ఉండదని పిన్నికి ఫోన్ చేసి చెప్దామనుకున్నాను కూడా.

ఇప్పుడు రాస్తుంటే అంత గట్టిగా అనలేకపోతున్నాను. నాన్నలో మారనిది ఒకటుంది. డిపోలో ఎవరికి డ్యూటీ మార్చుకోవాల్సి వచ్చినా ముందు నాన్ననే అడిగేవాళ్ళట. ఇంట్లో మాట్లాడకపోయినా, ఎవరి కంచంలో కూర అయిపోయిందో ఆయనే చూసేవాడు. మిషెల్ కూడా 1995లో షోడా అనే ఇంకో సైకాలజిస్టుతో కలిసి అక్కడికే వచ్చాడు: ఎక్కడ ఎలా ఉంటాడన్న ఆ వరసే మనిషి గుర్తు. మరి ఇంట్లో మౌనం, షెడ్డులో మాటలు, రెండూ నాన్నవే. పిన్నికి సగమే తెలుసు. నాకు మాత్రం ఎంత తెలుసని?

పడుకోబోతూ చిన్నది అడిగింది, "తాతయ్య అసలు మాట్లాడేవాడే కాదా?" అని. పుంజు కథ చెప్పాను. లేచి కూర్చుంది.

"మరి టికెట్ కొట్టాడా?"

చివర నేను వినలేదు. నన్ను చూసి ఆపేశాడుగా.